టెక్ సందేహాలు: ఎమ్మారై సీడీ తెరుచుకోవడం లేదు

ప్రశ్న: అమ్మకు కుడి మోకాలు నొప్పి. అమలాపురంలో ఎమ్మారై తీసి సీడీ, ఫిల్ములు ఇచ్చారు. వచ్చే వారం కాకినాడలో ఎముకల సర్జన్‌కి చూపించాలి. మా ల్యాప్‌టాప్‌కి సీడీ డ్రైవే లేదు. వాట్సాప్‌లో ఫిల్ముల ఫొటోలున్నాయి, చాలవా? రిపోర్టు ఏఐకి చూపిస్తే మెనిస్కస్ (మోకాలి కీలులో మెత్తలా ఉండే మృదులాస్థి) చిరిగింది, ఆపరేషన్ పడొచ్చు అంది. – రాజోలు పాఠకుడు

జవాబు: చాలవండీ. వాట్సాప్ ఫొటోను కుదించేస్తుంది. పైగా ట్యూబ్‌లైటుకి అడ్డం పెట్టి తీసిన ఫిల్ములో సగం వెలుగు మరకే. సీడీలో ఉన్నవి డైకామ్ ఫైళ్లు, అంటే స్కానింగ్ బొమ్మలు దాచే ప్రత్యేక రకం ఫైళ్లు. వాటిలో మోకాలిని పొర తర్వాత పొరగా జరుపుతూ చూడొచ్చు, వెలుగు మార్చుకోవచ్చు, కొలవొచ్చు. సర్జన్‌కి కావలసింది అదే.

ఊళ్లో ఫొటో స్టూడియోనో, జిరాక్స్ షాపునో అడగండి. సీడీ డ్రైవులు ఇంకా అక్కడే బతికున్నాయి. సీడీ మొత్తాన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. బొమ్మలు మాత్రమే ఏరొద్దు. పేరు చివర ఏ ఎక్స్‌టెన్షనూ (.jpg లాంటి తోక) లేని ఫైళ్లు చెత్తలా కనిపిస్తాయి గానీ అసలు సరుకు వాటిలోనే ఉంటుంది. విండోస్ అయితే మైక్రోడికామ్, మ్యాక్ అయితే హోరోస్ అనే సాఫ్ట్‌వేర్‌తో తెరిచి, పేరు, తేదీ, కుడికాలా ఎడమకాలా సరిచూసుకోండి. సీడీ, ఫిల్ములు కూడా వెంట ఉండాలి. వైరస్ భయంతో పెన్‌డ్రైవ్ పెట్టనివ్వని ఆసుపత్రులున్నాయి.

పాత చీటీలను గూగుల్ డ్రైవ్ యాప్‌లోని స్కాన్‌తో తేదీల వరసలో ఒకే పీడీఎఫ్ చేసి, ఫోన్‌లోకి దించుకోండి. ఓపీలో సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. మొదటి పేజీలో వాడే మాత్రలు రాయండి. ముఖ్యంగా రక్తం పల్చబడేవి, షుగరువి. పడని మందులు కూడా రాయండి.

ఇక ఎవరూ చేయని పని ఒకటి చెబుతాను. అమ్మగారు నడుస్తుంటే వీడియో తీయండి, తల నుంచి పాదాల దాకా పడేలా, ఎదుటి నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి. పీట మీంచి లేవడం, అరుగు మెట్లు దిగడం కూడా. మన పెద్దవాళ్లు ఇంట్లో గోడ పట్టుకుని నడుస్తారు, డాక్టరు ముందు మాత్రం ‘పర్లేదండీ’ అంటూ నిటారుగా నడిచేస్తారు! నిమిషం వీడియో చాలు.

ఏఐ మాట పక్కన పెట్టండి. 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో, 50 ఏళ్లు దాటినవాళ్లలో మెనిస్కస్ చిరిగినట్టు ఎమ్మారైలో కనిపించినవాళ్లనే తీసుకున్నా, వారిలో 61 శాతం మందికి అంతకుముందు నెలలో మోకాలి నొప్పి, బిగుతు లాంటివేవీ లేవు. చిరిగింది అనే మాట ఒక్కటీ ఆపరేషన్‌కి కారణం కాదు. నొప్పికి అసలు కారణం అదేనా, ఫిజియోథెరపీతో కొన్నాళ్లు చూడొచ్చా అని సర్జన్నే అడగండి. నిలబెట్టి తీసిన ఎక్స్‌రే ఉందా అన్నదీ చూసుకోండి. బరువు పడ్డప్పుడే కీలు సందు ఎంత తగ్గిందో తెలుస్తుంది. డాక్టరు మాటలు రికార్డు చేయాలనుకుంటే ముందుగా అడిగి చేయండి.

ప్రశ్న: ఆభా (ప్రభుత్వ డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరు ఉంటే రిపోర్టులన్నీ డాక్టరుకి వాటంతటవే కనిపిస్తాయా? – పాలకొల్లు పాఠకురాలు

జవాబు: కనిపించవమ్మా. స్కానింగ్ సెంటరు వాళ్లు రిపోర్టును మీ 14 అంకెల నంబరుకి జతచేయాలి, ఆసుపత్రీ ఆ వ్యవస్థలో ఉండాలి, చూడటానికి మీరు ఒప్పుకోవాలి. ఆ సదుపాయం ఉన్న ఆసుపత్రుల్లో క్యూఆర్ స్కాన్ చేస్తే ఓపీ టోకెన్ మాత్రం చప్పున వస్తుంది.