లెక్కల పరీక్ష భయం: అబ్బయ్యకు పెద్దనాన్న ఉత్తరం

చిరంజీవి అబ్బయ్యకు, కావలి నించి పెద్దనాన్న ఆశీస్సులు.

పదో తరగతి లెక్కల పరీక్షంటే చేతులు చెమటలు పడుతున్నాయంట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. భయపడమాక అంటే పొయ్యే భయం కాదది. నీ భయంలో సగం లెక్కల మీద కాదు, ఆ మూడుంబావు గంటల మీద. ఇంట్లో ఏనాడన్నా అంతసేపు లేవకుండా రాశావా?

ఆదివారం పొద్దున సరిగ్గా 9:30కి పాత పేపరు ముందేసుకుని కుర్చీలో కూర్చో. మంచమ్మీద కాదు. మొదటి పావుగంట పెన్ను ముట్టుకోమాక, అది చదువుకోడానికి ఇచ్చే టైము. ఎనిమిది మార్కులవి ఐదుంటాయి, ఒక్కోదానికి ఛాయిస్ ఉంటది. ఏది రాసేదీ అప్పుడే తేల్చుకో. సగం రాసి, కొట్టేసి, రెండోది ఎత్తుకునే కాడే టైమంతా పోతుంది.

ఇంక లెక్క చూడు. ఒక మార్కువి 12, నిమిషానికొకటి. రెండు మార్కులవి 8, తలా 3 నిమిషాలు. నాలుగు మార్కులవి 8, తలా 7. ఎనిమిది మార్కులవి తలా 14. మొత్తం 162 నిమిషాలు. రాసే టైము 180, అంటే 18 నిమిషాలు మిగులు. ఆ మిగులు ఉందని తెలిస్తేనే గుండె సగం కుదుటపడుద్ది. ప్రశ్న నంబరు వేశావా, మైనస్ గుర్తు ఎక్కడన్నా జారిందా, అప్పుడు చూసుకో. ఒక లెక్క 14 నిమిషాలకీ తెగకపోతే కింద జాగా వదిలి ముందుకి పో. మొండికేయమాక, స్టెప్పులకీ మార్కులుంటాయి.

హాల్లో తల ఖాళీ అయిపోయినట్టుంటే చదివింది పోయిందని కాదు. కంగారులో ఊపిరి పైపైన ఆడి, గుండె దడదడలాడి, గుర్తుకు రావాల్సింది అడ్డం పడుద్ది. పెన్ను కిందపెట్టు. రెండు పాదాలూ నేలకి ఆనించు. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చు, ఆరు లెక్కపెడుతూ వదులు. ఎనిమిదిసార్లు చాలు, నిమిషంన్నర కూడా పట్టదు. వదిలేది పొడుగ్గా ఉండాలి, గుండె నెమ్మదించేది అక్కడే. గబగబా పీలిస్తే తల తిరుగుద్ది. తర్వాత ఆ లెక్కలో ఇచ్చిన విలువలు ఊరికే కాగితమ్మీద రాసుకో, సూత్రం దానంతటదే వస్తుంది. దీన్ని ఇవాళ్టి నించే రోజుకి రెండుసార్లు చెయ్యి. హాల్లో మొదటిసారి చేస్తే పని చెయ్యదు.

పరీక్ష ముందురోజు రాత్రి పదింటికి పుస్తకం మూసెయ్. చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే. పొద్దున నాలుగిడ్లీలు తిను, కారం దోసె పరీక్షలయ్యాక తిందువుగాని. పరగడుపున టీ తాగితే ఉన్న దడ ఇంకా పెరుగుద్ది. మార్చి ఎండ కదా, నీళ్ల సీసా మర్చిపోమాక. పరీక్షయ్యాక గేటు దగ్గర జవాబులు సరిచూసుకునే గుంపులో నిలబడొద్దు, తర్వాతి పేపరు దెబ్బతింటది.

మీ నాన్నకీ ఒక ముక్క: పక్కింటి పిల్లోడి మార్కులు ఈ నెల ఇంట్లో ఎత్తొద్దు. తప్పితే మళ్లీ రాసుకోడానికి సప్లిమెంటరీ ఉంది. అబ్బయ్యకి వారం పది రోజులు నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, బతుకు మీద విసుగు మాటలు ఒక్కసారి వచ్చినా, ఆలస్యం చెయ్యకుండా టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యండి, మనసు బాగోలేనోళ్లకి సర్కారు పెట్టిన ఫోన్ సాయం అది. డబ్బులు పడవు, రాత్రయినా తెలుగులోనే మాట్లాడతారు.

ఆదివారం రాసిన పేపరు దిద్దొద్దు, అట్నే ఉంచు. సోమవారం వచ్చి నేను చూస్తా.

మీ పెద్దనాన్న