డిస్పోజల్‌ని ‘స్థాపిస్తారా’, బిగిస్తారా?

సందేహం: మేము డల్లాస్‌లో ఉంటాం. సింకు కింద కొత్తగా గార్బేజ్ డిస్పోజల్ (వంటింటి తుక్కుని నలిపి నీళ్ళతో గొట్టంలోకి పంపే మర) పెట్టించాం. వచ్చే నెల మా అమ్మావాళ్ళు వస్తున్నారు. దాన్నెలా వాడాలో తెలుగులో రాసి గోడకి అంటిద్దామని ఇంగ్లీషు కాగితాన్ని కంప్యూటర్‌కిస్తే, ‘చెత్త పారవేయడం యొక్క స్థాపన మరియు నిర్వహణ’ అని వచ్చింది. నా స్నేహితురాలేమో ‘వ్యర్థ విసర్జన యంత్రం’ అనమంటోంది. ఏది సరైనది? – ఒక పాఠకురాలు

సమాధానం: రెండూ వద్దమ్మా. విసర్జన అంటే సంస్కృతంలో విడిచిపెట్టడమే, తప్పు లేదు. కానీ తెలుగు చెవికి ఆ మాట వినగానే దాని ముందు ‘మలమూత్ర’ వినిపిస్తుంది. వంటింట్లో అది దేనికి?

స్థాపించేది సంస్థని, పార్టీని. ఫ్యానైనా కుళాయైనా మనం బిగిస్తాం. సింకు రంధ్రం చుట్టూ పుట్టీ పూసి, అడుగు నుంచి దీన్నీ బిగించడమే. డిష్‌వాషర్ గొట్టం దీనికే కలిపితే, అది కలిసే చోట లోపలుండే ప్లాస్టిక్ బిరడా ముందే కొట్టేయాలి. మరిచిపోతే డిష్‌వాషర్‌లో నీళ్ళు దిగవు. ఇక ‘నిర్వహణ’. సభకైతే సరే, సింకుకి ‘వాడకం, శుభ్రం’ అంటే చాలు.

పేరు సంగతి. 1927లో అమెరికాలోని రసీన్ ఊళ్ళో జాన్ హామ్స్ అనే ఆర్కిటెక్టు దీన్ని తయారుచేశాడు. తర్వాత ఆయన పెట్టిన కంపెనీ పేరు ఇన్‌సింకరేటర్. చెత్త కాల్చే ఇన్‌సినరేటర్‌లో ‘సింకు’ని ఇరికించిన చమత్కారం అది. ఇదేమో దేన్నీ కాల్చదు. పుట్టించినవాళ్ళే పేరుతో అంత ఆటాడారు కాబట్టి, మీరు ‘డిస్పోజల్’ అనే ఉంచేసుకోండి. మన పల్లెల్లో కడుగునీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు కుడితి తొట్టిలోకి పోయేవి, గేదె తాగేది. ఈ మరతో పని పడలేదు, పేరూ పుట్టలేదు.

పేరు లేకపోయినా క్రియలకి మనకి కరువు లేదు. కారం దంచుతాం, పచ్చడి నూరుతాం, పప్పు రుబ్బుతాం, పిండి విసురుతాం. ఈ మర చేసేది ఏది? మిక్సీలా లోపల కత్తులుంటాయని చాలామంది అనుకుంటారు. ఉండవు. గిర్రున తిరిగే పళ్ళెం మీద రెండు చిన్న ఇనుప దిమ్మెలుంటాయి. అవి తుక్కుని చుట్టూ ఉన్న పళ్ళ కంకణం మీదికి విసిరికొడతాయి, కంకణం తురుముతుంది. తెలుగులో ‘విసురు’కి తిరగలి తిప్పడం, గిరాటెయ్యడం రెండూ అర్థాలే. ఈ మరలో రెండూ ఒకేసారి జరుగుతున్నాయి. నాకది భలే నచ్చింది.

ఓసారి మా అమ్మాయి ఇంట్లో భోజనాలయ్యాక మునక్కాయ పిప్పి అందులో వేశాను. గుంయ్‌మని మూలిగింది గానీ తిరగలేదు. దాన్ని ‘పట్టేసింది’ అనాలి. మర బాగానే తిరుగుతూ సింకులో నీళ్ళు నిలిస్తే ‘తూము పూడింది’ అనాలి. ఫోన్‌లో ప్లంబర్‌కి చెప్పేటప్పుడు ఈ తేడా అక్కరకొస్తుంది. మా అల్లుడు స్విచ్ ఆపి, మర అడుగున నడిమి రంధ్రంలో ఎలన్‌కీ (ఆరు పలకల వంపు చువ్వ) పెట్టి అటూ ఇటూ తిప్పాడు. వదిలింది. వేడెక్కి ఆగిన మోటారు మళ్ళీ నడవాలంటే అడుగునే ఎర్ర బొత్తాం ఉంటుంది, చల్లారాక నొక్కాలి.

కాబట్టి మీ కాగితంలో తోటకూర కాడలు, మొక్కజొన్న పీచు, మునక్కాయ పిప్పి, మామిడి టెంకలు ‘వేయకండి’ అని రాయండి. మిగిలిన అన్నం కూడా ఎక్కువగా వద్దు, ఉబ్బి గొట్టంలో అంటుకుంటుంది. నూనెకి మాత్రం ‘పారబోయకండి’ అనాలి. తొక్కలు పారేస్తాం, నూనె పారబోస్తాం. చన్నీళ్ళు వదిలి, తర్వాతే స్విచ్ వేయమనండి. ‘చన్నీళ్ళు’ కింద గీత గీయండి. వేన్నీళ్ళైతే శుభ్రంగా ఉంటుందని పెద్దవాళ్ళకి అనిపిస్తుంది. కానీ కరిగిన నెయ్యి, నూనె గొట్టంలో ఇంకాస్త దూరం పోయి గడ్డకడతాయి. వాసనొస్తే నాలుగు ఐసుముక్కలు, నిమ్మతొక్కలు వేసి తిప్పి, మూతి దగ్గరి రబ్బరు రెక్కల అడుగు తోమాలి. కంపు ఎక్కువగా అక్కడే దాక్కుంటుంది.

కాగితంలో చివరి వాక్యం ఎలా రాయాలని మీకు సందేహం రావచ్చు. ‘చేయి పెట్టరాదు’ అన్నది బోర్డు భాష. కన్నతల్లికి అలా రాస్తే ముందు నవ్వొస్తుంది, తర్వాత మరిచిపోతుంది. ‘అమ్మా, చెంచా పడితే స్విచ్ ఆపేసి నన్ను పిలువు, చెయ్యి పెట్టకు’ అని మీ చేతిరాతతో రాసి, స్విచ్ పక్కనే అంటించండి.