స్క్రీన్ మీద అన్నీ పచ్చగానే, కారు మాత్రం కుడికే లాగుతోంది

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. 2002 మియాటా (మాజ్డా వాళ్ళ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు) సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. పాత ఓనరు స్ప్రింగులు మార్చి కారుని అంగుళం పైనే కిందికి దించాడు. వెనక టైర్ల లోపలి అంచు బోడిగుండులా నున్నగా అరిగిపోయింది, హైవే మీద స్టీరింగు కాస్త పక్కకి పట్టుకుంటే గానీ కారు తిన్నగా పోవడం లేదు. టైర్ల షాపులో చక్రాల కోణాలు సరిచేయడానికి, అంటే అలైన్‌మెంట్‌కి 120 డాలర్లు అన్నారు. స్పోర్ట్స్ కార్లు మాత్రమే చూసే ఒకాయన 300 అడుగుతున్నాడు. మిషను రెండు చోట్లా ఒకటే అయినప్పుడు ఆ 180 దేనికి?

నాది 2001 మియాటా. ఉండేది మిషిగన్‌లో, నోవై దగ్గర. నేనూ ఇదే లెక్క వేసుకుని ముందు చవక చోటికి వెళ్ళాను, ఆ తర్వాత ఖరీదు చోటికీ వెళ్ళాల్సి వచ్చింది. రెండు బిల్లులూ కట్టినవాడి మాట కాబట్టి వినండి.

మీరన్నది నిజమే. రెండు చోట్లా హంటర్ కంపెనీ కొలత మిషనే, చక్రాలకి తగిలించే టార్గెట్ పలకలూ అవే. కానీ ఆ మిషను కొలుస్తుందే తప్ప బోల్టు తిప్పదు. మీరు డబ్బు ఇచ్చేది కొలిచినందుకు కాదు, కారు కింద పడుకుని తుప్పు పట్టిన బోల్టులతో కుస్తీ పట్టినందుకు.

మొదటి షాపు సంగతి చెబుతాను. ఏప్రిల్ నెల. మా వైపు మంచు కరిగాక రోడ్లన్నీ గుంతలే, అందులో ఒక దాంట్లో కుడి చక్రం గట్టిగా పడింది. నలభై నిమిషాల్లో పని అయిపోయింది, ప్రింటవుట్ చేతిలో పెట్టారు. అన్ని గడులూ ఆకుపచ్చగా ఉన్నాయి. స్టీరింగు తిన్నగానే ఉంది. కానీ చెయ్యి వదిలితే చాలు, కారు కుడికి పోతోంది. వెనక్కి తీసుకెళ్తే, 'సార్, అన్నీ స్పెక్‌లోనే ఉన్నాయి, రోడ్డే వాలుగా ఉంటుంది' అన్నాడు. ఇంటికొచ్చి ఆ కాగితం బుద్ధిగా చదివితే అసలు సంగతి తెలిసింది. ముందు ఎడమ చక్రం క్యాంబర్, అంటే చక్రం నిలువుగా కాకుండా పక్కకి ఒరిగిన కోణం, మైనస్ 0.7 డిగ్రీలు (మైనస్ అంటే పైభాగం లోపలికి), కుడిది మైనస్ 0.1. విడివిడిగా చూస్తే రెండూ కంపెనీ ఇచ్చిన హద్దుల్లోనే ఉన్నాయి, అందుకే పచ్చ. ఆ హద్దులు వెడల్పుగా ఉంటాయి. ఒక చక్రం ఆ చివరా ఇంకోటి ఈ చివరా ఉన్నా మిషనుకి అభ్యంతరం లేదు. కారు మాత్రం ఊరుకోదు, క్యాంబర్ ఎటువైపు తక్కువ నెగటివ్‌గా ఉంటే అటు లాగుతుంది. దానికి తోడు ఇక్కడి రోడ్లు వాన నీరు పోవడానికి కుడివైపుకే వాలుగా ఉంటాయి.

కారుని జాకీల మీద ఎక్కించి టార్చి వేసి చూశాను. చక్రాన్ని కారుకి కలిపే కింది ఆర్మ్ బోల్టుల నట్ల మీద తుప్పు ఎక్కడిదక్కడే ఉంది, పానా గీత ఒక్కటి లేదు. టై రాడ్ల (స్టీరింగు నుంచి చక్రాలని తిప్పే కడ్డీల) లాక్ నట్ల దగ్గర మాత్రమే మెటల్ మెరుస్తోంది. అంటే ముందు టో ఒక్కటి, చక్రాలు తిన్నగా కాకుండా లోపలికో బయటికో చూసే కోణం, సరిచేసి పంపేశారు. దీన్ని ఇక్కడ మెకానిక్‌లు ఎగతాళిగా 'టో అండ్ గో' అంటారు.

వాళ్ళని మరీ తిట్టలేను కూడా. రోజూ వాళ్ళ దగ్గరకి వచ్చే కార్లలో చాలావాటికి మార్చగలిగేదే ముందు టో. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు నాకు స్విఫ్ట్ ఉండేది. ముందు మెక్‌ఫెర్సన్ స్ట్రట్, వెనక టార్షన్ బీమ్. దాంట్లో ముందు టో తప్ప మామూలుగా ఇంకేదీ మారదు. అయినా టైర్ల షాపతను 'అలైన్‌మెంటు, బ్యాలెన్సింగు' అని ఒక్క ఊపిరిలో చెప్పి, ఐదు వేల కిలోమీటర్లకోసారి పిలిచేవాడు. అలైన్‌మెంట్ అంటే అంతే అనుకుని పెరిగాం.

మియాటా అలా కాదు. మీ కారులో నాలుగు చక్రాలకీ డబుల్ విష్‌బోన్, అంటే పైన ఒకటి, కింద ఒకటి రెండు ఆర్మ్‌లు. ప్రతి చక్రం కింది ఆర్మ్‌కి లోపలి వైపు రెండేసి క్యామ్ బోల్టులు, మొత్తం ఎనిమిది. బోల్టు తిప్పితే దానికి నడిమధ్యన కాకుండా పక్కకి బిగించి ఉన్న గుండ్రటి పలక తిరిగి ఆర్మ్‌ని లోపలికో బయటికో తోస్తుంది. ముందు వాటితో క్యాంబర్, కాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ఏటవాలు) రెండూ కదులుతాయి, ఒకటి ఎక్కువ కావాలంటే ఇంకోటి కొంత వదులుకోవాలి. వెనక వాటితో క్యాంబర్, టో. ఒకటి సరిచేస్తే రెండోది చెడుతుంది, మళ్ళీ దాన్ని సరిచేయాలి. నలభై నిమిషాల్లో తెమిలే పని కాదని మీకే తెలుస్తోంది కదా.

ఇక మీ వెనక టైర్ల అరుగుడు. లోపలి అంచు అరిగిందనగానే అందరూ క్యాంబర్ మీద పడతారు. కారు కిందికి దించితే క్యాంబర్ నెగటివ్ పెరుగుతుంది, చక్రం పైభాగం లోపలికి ఒరుగుతుంది, నిజమే. కానీ టైరుని తినేసేది ఎక్కువగా టో. ఒక చక్రం తిన్నగా కాకుండా 0.3 డిగ్రీలు పక్కకి చూస్తోందనుకోండి. కిలోమీటరు వెళ్ళేసరికి అది ఐదు మీటర్లకు పైగా అడ్డంగా ఈడ్చుకుపోయినట్టు లెక్క. గరుకు కాగితం మీద రబ్బరు రుద్దడమే. క్యాంబర్ వల్ల బరువు లోపలి అంచు మీద పడుతుంది, టో వల్ల ఆ అంచు రుద్దుకుంటుంది. రెండూ కలిస్తే మీరు చెప్పిన నున్నటి గుండు. స్ప్రింగులు మార్చాక పాత ఓనరు అలైన్‌మెంట్ చేయించలేదనే నా అనుమానం.

స్టీరింగు పక్కకి ఉండటానికీ వెనక చక్రాలే కారణం కావచ్చు. వెనక రెండూ కలిసి కొంచెం కుడికి చూస్తుంటే కారు పీతలా నడుస్తుంది. దాన్ని తిన్నగా నడపాలంటే స్టీరింగు కుడికి తిప్పి పట్టుకోవాలి. ప్రింటవుట్‌లో దీన్ని థ్రస్ట్ యాంగిల్ అంటారు. అందుకే పని తెలిసినవాడు ఎప్పుడూ వెనక నుంచి మొదలుపెడతాడు: వెనక క్యాంబర్, వెనక టో, తర్వాత ముందు కాస్టర్, క్యాంబర్, ఆఖరున స్టీరింగు తిన్నగా బిగించి ముందు టో. ముందు నుంచి మొదలుపెట్టినవాడిని చూస్తే మీ తాళంచెవి తీసుకుని వచ్చేయండి.

నేను వెళ్ళిన స్పెషలిస్ట్ షెడ్డు రెండు లిఫ్టులది, బోర్డు కూడా సరిగ్గా లేదు. కారు చూడకముందే ఆయన నన్ను ప్రశ్నలు అడిగాడు. రోజూ నడుపుతావా? ఆటోక్రాస్‌కి (ఖాళీ మైదానంలో కోన్ల మధ్య టైము పోటీకి) వెళ్తావా? ఏ టైర్లు? నీ బరువెంత? ఆ చివరి ప్రశ్నకి నవ్వొచ్చింది గానీ అర్థముంది. ఈ కారు బరువే టన్నుకి కాస్త ఎక్కువ. అందులో డెబ్బై ఐదు కిలోల మనిషి ఒక పక్కన కూర్చుంటే ఆ మూల కిందికి దిగుతుంది, దాంతో కోణాలు మారతాయి. 'నీ బరువుకి సరిపడా ఏదైనా తీసుకురా, డ్రైవర్ సీట్లో పెడదాం' అన్నాడు. ఇంట్లో ఏముంటాయి మనకి? క్యాంటన్‌లో ఇండియన్ స్టోర్‌కి వెళ్ళి సోనా మసూరి 20 పౌండ్ల బస్తాలు ఎనిమిది తెచ్చాను. సీట్లో నాలుగు, కింద నాలుగు. మా ఆవిడ ఆ ఏడాదంతా బియ్యం కొనే పని లేకుండా పోయింది.

చక్రాలు ఊపి చూశాడు, బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు, బేరింగులు. వీటిలో ఏది వదులుగా ఉన్నా అలైన్‌మెంట్ చేయడం దండగ, మర్నాటికే మారిపోతుంది. టైర్లలో గాలి డోర్ స్టిక్కర్ ప్రకారం 26 పెట్టాడు. తర్వాత క్యామ్ బోల్టులు. మిషిగన్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీళ్ళకి బోల్టు వెళ్ళి బుష్ (ఆర్మ్ చివర ఉండే రబ్బరు జాయింటు) లోపలి స్టీల్ గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతుంది. ఎనిమిదిలో ఆరు నూనె పోసి, వేడి చేసి, తిట్టుకుంటూ తిప్పితే వచ్చాయి. వెనక రెండు రాలేదు, రంపంతో కోయాల్సి వచ్చింది. కోస్తే బోల్టూ పోతుంది, బుష్షూ పోతుంది. 300 అనుకున్నది 580 అయ్యింది, కారు ఒక రాత్రి అక్కడే ఉంది. కొత్త బోల్టులకి యాంటీ సీజ్ (మళ్ళీ పట్టేయకుండా వాడే జిడ్డు) దట్టంగా పూసి పెట్టాడు. ఇది ముందే అడిగి ఉంటే నాకు గుండె దడ తప్పేది. అందుకే మీకు చెబుతున్నా: 'క్యామ్ బోల్టులు పట్టేసి ఉంటే ఏం చేస్తావు, ఎంత అవుతుంది?' అని ఫోన్‌లోనే అడగండి. జవాబు చెప్పలేనివాడు ఆ బోల్టుల జోలికే పోడు. మీది డాలస్ అన్నారు కాబట్టి ఉప్పు బాధ లేదు గానీ, కారు ఇంతకుముందు ఎక్కడెక్కడ బతికిందో కార్‌ఫాక్స్‌లో (కారు పాత రికార్డులు చూపే సైటు) చూడండి. ఒహాయోనో న్యూయార్కో కనిపిస్తే వారం ముందు నుంచే రోజూ ఆ నట్ల మీద తుప్పు వదిలే నూనె కొడుతూ ఉండండి.

ఇంకోటి, దించిన కారుకి ముఖ్యం. స్ప్రింగులు మార్చేటప్పుడు ఆర్మ్‌ల బోల్టులు కారు గాల్లో ఉండగానే బిగించేస్తే, కిందికి దించాక రబ్బరు బుష్‌లు మెలిపడి ఉండిపోతాయి. అవి కారుని పైకి తోస్తుంటాయి, త్వరగా చిరుగుతాయి. చక్రాలు నేల మీద ఉన్నట్టే ఉంచి ఒకసారి వదులు చేసి బిగించమనండి. ఆ తర్వాత ఒక వంద మైళ్ళు తిరిగి స్ప్రింగులు సర్దుకున్నాకే అలైన్‌మెంట్.

అంకెలు అడుగుతారని తెలుసు. నా కారుకి ఇప్పుడున్నవి: ముందు క్యాంబర్ మైనస్ 1.0, కాస్టర్ 5 దగ్గర, టో సున్నా. వెనక క్యాంబర్ మైనస్ 1.4, టో లోపలికి రెండు చక్రాలూ కలిపి 0.16 డిగ్రీలు. ఎడమకీ కుడికీ తేడా 0.1 దాటకూడదని షరతు పెట్టాను, నా లెక్కలో అసలు అంకెల కంటే అదే ముఖ్యం. ఇది రోజూ ఆఫీసుకి, వేసవిలో నెలకోసారి ఆటోక్రాస్‌కి వెళ్ళే కారుకి సరిపోయింది. ముందు నెగటివ్ క్యాంబర్ పెంచితే మలుపులో కారు ఒరిగినా బయటి టైరు నేలకి బల్లపరుపుగా అంటుకుంటుంది, పట్టు పెరుగుతుంది. కాస్టర్ అంటే సైకిలు ముందు ఫోర్కు ఏటవాలుగా ఉంటుంది చూడండి, అదే. అది ఉండబట్టే మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి వస్తుంది. వెనక టో మాత్రం ఎప్పుడూ కొంచెం లోపలికే ఉండాలి. బయటికి ఉంటే వానలో బ్రేకు వేసినప్పుడు వెనక భాగం ముందుకి రావాలని చూస్తుంది.

ఈ అంకెలు కాగితం మీద రాసి తీసుకెళ్ళండి, కానీ నేను చేసిన తప్పు చేయకండి. వెనక టో '1/16 అంగుళం' అని మాత్రమే రాసిచ్చాను. కలిపి అని రాయలేదు. ఆయన చక్రానికి 1/16 అనుకుని రెట్టింపు పెట్టాడు, మళ్ళీ మొదటికొచ్చింది. అంగుళాల్లో ఇంకో చిక్కు ఉంది. టైరు వెలుపలి అంచు దగ్గర కొలిచిన 1/16కీ, రిమ్ము దగ్గర కొలిచిన 1/16కీ కోణం ఒకటి కాదు. నా 195/50 ఆర్ 15 టైరు దగ్గర అది దాదాపు 0.16 డిగ్రీలు, రిమ్ము దగ్గరైతే 0.24. డిగ్రీల్లో రాయండి, పక్కన 'రెండూ కలిపి' అని రాయండి.

మా నాన్నగారి అంబాసిడర్‌కి రాజమండ్రిలో మెకానిక్ టో ఎలా చూసేవాడో ఇప్పుడు గుర్తొస్తోంది. ముందు టైర్లకి సుద్దముక్కతో గుర్తు పెట్టి, ముందువైపు ఆ గుర్తుల మధ్య టేపుతో కొలిచేవాడు. కారుని అరచుట్టు తోసి, అవే గుర్తులు వెనక్కి వచ్చాక మళ్ళీ కొలిచేవాడు. తేడాయే టో. చక్రం కాస్త వంకరగా ఉన్నా లెక్క చెడకుండా ఉండటానికే ఆ అరచుట్టు, హంటర్ మిషను కూడా మొదట కారుని కాస్త ముందుకీ వెనక్కీ దొర్లించమనేది అందుకే. రేసుల వాళ్ళు ఇప్పటికీ కారు చుట్టూ దారాలు కట్టి కొలుస్తారు. మీరూ రెండు తిన్నటి పలకలు వెనక చక్రాలకి ఆనించి, వాటి ముందు చివరల మధ్య, వెనక చివరల మధ్య టేపు పెట్టి చూడొచ్చు. ముందు వైపు దూరం ఎక్కువొస్తే టో బయటికి ఉన్నట్టే.

మీరైతే 300 పెట్టండి, కానీ పాత టైర్లతో కాదు. అలా అరిగిన టైరు దానంతటదే పక్కకి లాగుతుంది, అలైన్‌మెంట్ బాగున్నా మీకు అనుమానం పోదు. మొదట కొత్త టైర్లు వేయించి, వాటి మీద అలైన్‌మెంట్ చేయించండి. పని మొదలుపెట్టక ముందు కొలతలు, తర్వాత కొలతలు రెండూ ఉన్న ప్రింటవుట్ అడిగి తీసుకోండి. పాత ఓనరు దగ్గర ఏదైనా పాత కాగితం ఉంటే దాంట్లో వెనక టో ఎడమకీ కుడికీ ఎంతుందో ఇక్కడ రాయండి, ఆ రెండు అంకెలు చూస్తే మీ స్టీరింగు ఎందుకు పక్కకి ఉందో చెప్పేయొచ్చు.