కుంగుడు వేరు, ఎగురుడు వేరు

ప్రశ్న: అన్నా, మాది పాత బెంజ్ 124 వ్యాగన్. వెనక బియ్యం బస్తాలేస్తే కుంగుతోంది, ఇంజన్ నడుస్తున్నా లేస్తలేదు. గ్యాస్ స్ఫియర్లు (వెనక కుదుపులు మింగే నైట్రోజన్ గుండ్లు) మార్చాలంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: తొందరపడి కొనకు తమ్మీ. స్ఫియర్లలో నైట్రోజన్ పోతే బండి కుంగదు. వెనక బిర్రుగా అయి, చిన్న గుంతకే ఎగిరెగిరి పడతది. నీ బండి వెనక భాగాన్ని బరువుకు తగ్గట్టు లేపేది ఇంజన్ తిప్పే పంపు తోసే ఆయిల్. ఆ లేపే దగ్గరే లోపం. ముందు బానెట్ ఎత్తి ఆయిల్ డబ్బా చూడు. తగ్గితే పైపులు, వెనక స్ట్రట్లు (చక్రాల దగ్గర ఆయిల్‌తో బండిని లేపే గొట్టాలు) చేత్తో తడుము, ఎక్కడో చెమ్మ తగులుతది. నిండుగా ఉంటే బండికి స్టాండ్లు పెట్టి (ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరకు) యాంటీ రోల్ బార్ (బండి పక్కకు ఒరగకుండా ఆపే అడ్డ రాడ్డు) నుంచి లెవలింగ్ వాల్వ్‌కు (బండి ఎత్తును బట్టి ఆయిల్ వదిలేది) పోయే సన్న కడ్డీ చూడు. అది ఊడితే బస్తాలు పడ్డ సంగతి వాల్వ్‌కు తెల్వదు. కడ్డీ బాగుంటే పంపు ప్రెషర్ కొలిపించు. పవర్ స్టీరింగ్ ఆయిల్ మాత్రం పోయకు, దీని ఆయిల్ వేరు.