ఆపరేషన్ ఒక్కటే అయినా లెక్కలు రెండు వేయండి

ప్రశ్న: నా వయసు 41. గుంటూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్చరర్‌ను. జీతం 46 వేలు. మావారికి పట్నం బజారులో హార్డ్‌వేర్ దుకాణం ఉంది, నెలకు సగటున 55 వేలు మిగులుతుంది. 2017లో హైదరాబాదులో రొమ్ము ఇంప్లాంట్లు పెట్టించుకున్నాను. ఏడాదిగా కుడివైపు గట్టిపడింది, చెయ్యి పైకెత్తితే నొప్పి. ఎమ్మారై తీస్తే ఇంప్లాంటు పగిలి సిలికాన్ బయటికి వచ్చిందని తేలింది. రెండు వైపులా తీసేయాలని విజయవాడలో డాక్టరు చెప్పారు. తీయడం వరకే అయితే 1,60,000, కొత్తవి కూడా పెడితే 3,40,000 అవుతుందట. ఫిక్స్‌డ్ డిపాజిట్ 2,20,000, బంగారం 15 కాసులు ఉన్నాయి. 5 లక్షల చీటీ 25 నెలలకు 14 నెలలు కట్టాం, ఇంకా పాడలేదు. ఇంటి రుణం వాయిదా 21 వేలు. 2020 జూన్ నుంచి కుటుంబానికంతా కలిపి 5 లక్షల ఆరోగ్య బీమా ఉంది. ఫోను చేస్తే ‘కాస్మెటిక్ కదా, రాదు’ అన్నారు. అమ్మాయి పదో తరగతి, వచ్చే జూన్‌లో ఇంటర్ ఫీజు కట్టాలి. తెలిసినవాళ్లు రెండు రూపాయల వడ్డీకి 3 లక్షలు ఇస్తామంటున్నారు. ఆపరేషన్ సంగతి మావారికి తెలుసు, ఈ అప్పు సంగతి చెప్పలేదు. నేను కోరి చేయించుకున్నదానికి ఇప్పుడు ఇంట్లో డబ్బు తీయడం తప్పనిపిస్తోంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆ అప్పుకు ఇంకా నోటు రాసి ఇవ్వలేదనే అనుకుంటున్నాను. దయచేసి రాయకండి. 3 లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. అదంతా వడ్డీకే పోతుంది, అసలు అలాగే నిలిచి ఉంటుంది. బ్యాంకులో డిపాజిట్, బీరువాలో బంగారం పెట్టుకుని ఈ అప్పు వైపు చూడడానికి నాకు ఒక్క కారణమే కనిపిస్తోంది. ఇంట్లో ఎవరి ముందూ చెయ్యి చాచకూడదని మీరు అనుకుంటున్నారు.

ఈ సంకోచం నేను తరచూ చూస్తుంటాను. భర్త మోకాలికో అత్తగారి కంటికో అయితే మర్నాడే డిపాజిట్ తెంచే ఆడవాళ్లు, తమ ఒంటికి వచ్చేసరికి బయట వడ్డీకి తెస్తారు. మీరు 2017లో కోరి పెట్టించుకున్నారు, నిజమే. ఈ రోజు మీ ఒంట్లో పగిలిన వస్తువు ఉంది, నొప్పి ఉంది, దాన్ని తీసేయాలని డాక్టరు చెప్పారు. ఇది వైద్యం ఖర్చు. ఆ ఫిక్స్‌డ్ డిపాజిట్ ఇలాంటి రోజు కోసమే ఉంది, పైగా అందులో మీ జీతం కూడా ఉంది.

అత్తగారికి, చుట్టాలకు చెప్పాలా వద్దా అనేది పూర్తిగా మీ ఇష్టం. మీవారికి మాత్రం డబ్బు సంగతి కూడా చెప్పండి. కుటుంబమంతటికీ కలిపి తీసుకున్న పాలసీ ఆయన పేరున ఉంటే, క్లెయిము వేయగానే సందేశాలు వెళ్లేది ఆయన ఫోనుకే.

ఇక అసలు విషయం. డాక్టరు మీకు రెండు అంకెలు చెప్పారు, మీరు పెద్దదాన్నే పట్టుకుని అప్పు వెతుకుతున్నారు. పగిలిన ఇంప్లాంటును, చుట్టూ గట్టిపడిన పొరను తీయించుకోవడం అవసరం. కొత్తవి పెట్టించుకోవడం మీ నిర్ణయం. మొదటిదానికి 1,60,000, రెండోదానికి అదనంగా 1,80,000. ఒకే పూట, ఒకే మత్తులో రెండూ జరగవచ్చు. అయినా అంచనా పత్రాలు విడివిడిగా రాయించుకోండి. బీమాకు, అప్పుకు, మీ మనసుకు కూడా ఈ విభజన పనికొస్తుంది.

బీమా సంగతే చూడండి. ఫోనులో ‘రాదు’ అన్న మాటకు విలువ లేదు. అందం కోసం చేసే శస్త్రచికిత్సకు డబ్బు ఇవ్వరన్నది అన్ని ఆరోగ్య పాలసీల్లోనూ ఉండే మినహాయింపే. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్ణయించిన పదాల్లో దాని కోడ్ ఎక్స్‌క్లూజన్ 08. మీ పాలసీ పుస్తకంలో ఆ పేరా తెరిచి చివరిదాకా చదవండి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత చేసే పునర్నిర్మాణానికి ఈ మినహాయింపు వర్తించదు. ఆరోగ్యానికి ప్రత్యక్షంగా, తక్షణంగా ఉన్న ముప్పును తొలగించే వైద్య అవసరానికీ వర్తించదు. ఆ అవసరాన్ని చికిత్స చేసే డాక్టరు ధ్రువీకరించాలి. మీ క్లెయిము నిలబడితే ఈ చివరి వాక్యం మీదే నిలబడుతుంది.

కాబట్టి డాక్టరు ఇచ్చే పత్రంలో ‘ఇంప్లాంట్ మార్పిడి’ అన్న రెండు ముక్కలు చాలవు. ఎమ్మారైలో ఏం కనిపించింది, పొర ఎంత గట్టిపడింది, నొప్పి ఎంతకాలంగా ఉంది, తీయకపోతే ఏమవుతుంది అన్నవి ఉన్నది ఉన్నట్టుగా రాయించుకోండి. పొర గట్టిపడడాన్ని సర్జన్లు బేకర్ గ్రేడ్‌తో కొలుస్తారు. నాలుగో గ్రేడ్ అంటే గట్టిదనంతో పాటు నొప్పి కూడా ఉన్నట్టు. ఆ గ్రేడ్ కూడా పత్రంలో ఉండాలి. క్లెయిము 1,60,000 అంచనాకే వేయండి. కొత్త ఇంప్లాంట్ల ధర అందులో కలిసిందంటే మొత్తం కాగితమే కాస్మెటిక్ లెక్కలోకి పోతుంది.

2020లో పాలసీ తీసుకునేటప్పుడు పాత ఆపరేషన్ గురించి దరఖాస్తులో రాశారో లేదో మీరు చెప్పలేదు. రాయకపోయినా ఇప్పుడు దాచకండి. పాలసీ ఆగకుండా 60 నెలలు నడిస్తే, మోసం రుజువైతే తప్ప, పాత వివరాలు చెప్పలేదన్న కారణంతో క్లెయిమును తోసిపుచ్చడానికి వీల్లేదు. అంతకుముందు 8 ఏళ్లున్న ఈ గడువును 2024లో 5 ఏళ్లకు తగ్గించారు. మీ పాలసీకి 2025 జూన్‌తో అది పూర్తయింది. అయితే ఈ రక్షణ పాత వివరాల వరకే. కాస్మెటిక్ మినహాయింపు అలాగే ఉంటుంది, దాన్ని డాక్టరు ధ్రువీకరణతోనే ఎదుర్కోవాలి. మొదటి ఆపరేషన్ కాస్మెటిక్ కాబట్టి దాని పర్యవసానం కూడా అంతేనని కంపెనీ వాదించే అవకాశం గట్టిగానే ఉంది. అందుకే బీమా డబ్బు రాదనే అనుకుని ఏర్పాట్లు చేసుకోండి, క్లెయిము మాత్రం తప్పకుండా వేయండి.

మీ 2017 నాటి ఇంప్లాంట్ కార్డు ఎక్కడ ఉంది? కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు అందులో ఉంటాయి. కొందరు తయారీదారులు పగిలిన ఇంప్లాంటుకు బదులు కొత్తది ఉచితంగా ఇస్తారు. కొన్ని వారంటీల్లో నిర్ణీత సంవత్సరాల లోపు ఆపరేషన్ ఖర్చులో కొంత కూడా ఉంటుంది. షరతులు దేశాన్ని బట్టి మారతాయి కాబట్టి మీ కార్డు మీదున్న కంపెనీ భారత పంపిణీదారుకే రాయండి. తీసిన ఇంప్లాంటును పారేయవద్దని, నంబరు కనిపించేలా ఫొటో తీసి భద్రపరచమని ఆపరేషన్‌కు ముందే సర్జన్‌ను రాతపూర్వకంగా కోరండి. వస్తువు లేకుండా వారంటీ అడగడం కష్టం. కార్డు దొరకకపోతే డిశ్చార్జ్ సమ్మరీకి అంటించిన స్టిక్కర్ కోసం చూడండి. ఆసుపత్రులు రికార్డులు మూడేళ్లు దాచితే చాలన్నది నిబంధన, అందుకని ఆ హైదరాబాదు ఆసుపత్రిలో మీ ఫైలు ఉంటుందన్న నమ్మకం లేదు. అయినా అడగండి. ఉంటే 72 గంటల్లో ఇవ్వాలి.

కార్డు వెతకడానికి డబ్బుకు సంబంధం లేని కారణం కూడా ఒకటుంది. గరుకు పైపొర ఉన్న బయోసెల్ రకం ఇంప్లాంట్లను, లింఫోమా అనే అరుదైన ఒక రకం క్యాన్సర్‌తో సంబంధం బయటపడిన కారణంగా, అలర్గన్ సంస్థ 2019 జూలైలో ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. మీవి 2017 నాటివి. ఆ రకమా కాదా అన్నది డాక్టరుకు తెలియాలి, తీసిన పొరను పరీక్షకు పంపడం గురించి కూడా అడగండి. ఈలోగా రొమ్ము ఒక్కసారిగా వాచినా, ఎర్రబడి జ్వరం వచ్చినా డబ్బు లెక్కలు పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఇప్పుడు కొత్తవి పెట్టించుకోవడం గురించి. ఇక్కడ 1,80,000 అన్న అంకె మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది. ఇవి జీవితాంతం ఉండే వస్తువులు కావని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ స్పష్టంగా చెబుతోంది. సిలికాన్ ఇంప్లాంట్లకు అయిదారేళ్లకు తొలి అల్ట్రాసౌండ్ లేదా ఎమ్మారై, ఆ తర్వాత రెండు మూడేళ్లకోసారి పరీక్ష చేయించుకోవాలనీ సూచిస్తోంది. మీకు 41. పన్నెండేళ్ల తర్వాత, 53వ ఏట మళ్లీ ఇదే ఆపరేషన్ అవసరమైందనుకుందాం. వైద్యం ఖర్చు ఏటా 8 శాతం పెరిగితే నేటి 3,40,000 అప్పటికి దాదాపు 8,56,000 అవుతుంది. దాని కోసం 7 శాతం వచ్చే చోట నెలనెలా సుమారు 3,800 పక్కన పెట్టాలి. ఇది నేను వేసుకున్న అంచనా, మీకు అంతకన్నా ఎక్కువ కాలం నిలవచ్చు, తక్కువే నిలవచ్చు. కొత్తవి కావాలని మీకు నిజంగా ఉంటే పెట్టించుకోండి, అది తప్పని చెప్పే హక్కు నాకు లేదు. ఆ 3,800ను కూడా ధరలో భాగంగా చూసి నిర్ణయించుకోండి.

‘ఇప్పుడు తీయించి, కొత్తవి రెండేళ్ల తర్వాత చూద్దాం’ అనడం కూడా చవక కాదు. ఆపరేషన్ థియేటరు, మత్తు, సెలవు మళ్లీ మొదటి నుంచి. అందువల్ల సర్జన్‌ను మూడో అంచనా కూడా అడగండి: ఇంప్లాంట్లు తీసేసి, సాగిన చర్మాన్ని సరిచేసి కుట్టడానికి ఎంతవుతుంది? చాలామందికి ఆ దారి ఉందనే తెలియదు. ఇంత పెద్ద నిర్ణయానికి రెండో డాక్టరు మాట కూడా వినాలి. మీ ఊళ్లో ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌లో ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది, విజయవాడ దారిలోనే మంగళగిరి ఎయిమ్స్ ఉంది. ఆపరేషన్‌తో లాభం లేనివారి అభిప్రాయానికి ఇలాంటప్పుడు చాలా విలువ ఉంటుంది. ఆ 3,40,000లో జీఎస్టీ ఉందో లేదో కూడా ప్రశ్నించండి. కాస్మెటిక్ శస్త్రచికిత్సపై పన్ను ఉంది. అది పైన వేస్తే ఖర్చు ఇంకా పెరుగుతుంది. తీయడాన్ని ఏ లెక్కలో బిల్లు వేస్తారో కూడా కాగితం మీద తీసుకోండి.

డబ్బు సర్దుబాటు ఇలా చేయవచ్చు. డిపాజిట్‌ను తెంచకండి, దాని మీద రుణం తీసుకోండి. సాధారణంగా 90 శాతం వరకు, మీకైతే 1,98,000 వరకు ఇస్తారు. వడ్డీ డిపాజిట్ వడ్డీ కన్నా ఒక శాతం అటూఇటూ ఎక్కువ ఉంటుంది, డిపాజిట్ మీద మీ వడ్డీ మీకు వస్తూనే ఉంటుంది. ఇందులోంచి 1,60,000 ఆపరేషన్‌కు, మిగిలింది పరీక్షలకు, మందులకు, బిగుతు లోదుస్తులకు, గుంటూరు నుంచి విజయవాడకు తిరిగే ఖర్చులకు. ఇంటి ఖర్చు మీరు రాయలేదు. 45 వేలు అనుకుంటే, ఇంటి వాయిదా, చీటీ పోను నెలకు 15 వేలు మిగలాలి. దాంతో ఆపరేషన్ భాగం ఏడాదిలోపే తీరుతుంది, మొత్తం వడ్డీ ఆరేడు వేలు దాటదు. కోలుకునే వారాల్లో కాలేజీ జీతం కోసుకుంటుందేమో ముందే కనుక్కోండి. డాక్టరు ఆగవచ్చంటే సెలవుల్లో పెట్టుకోండి.

కొత్తవి కూడా అదే పూట పెట్టించుకోవాలని నిర్ణయిస్తే, అదనంగా కావలసిన 1,80,000కు బ్యాంకులో బంగారం పెట్టండి. ఆ మొత్తానికి సరిపడా కాసులే పెట్టండి, పదిహేనూ తీసుకెళ్లకండి. 9 శాతం వడ్డీ అయితే నెలకు 1,350 పడుతుంది. ఆసుపత్రిలో ‘వడ్డీ లేని వాయిదాలు’ అంటే ముందు నగదు ధర ఎంతో అడగండి. తేడా ఉంటే అదే వడ్డీ. ప్రాసెసింగ్ ఫీజు కూడా కలిపి అసలు వార్షిక ఖర్చు ఎంతో చూపే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌ను మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వడం రుణదాత బాధ్యత. తెలుగులోనే అడగండి.

చీటీని దీనికి ముట్టుకోవద్దు. ఇప్పుడు పాడితే తగ్గింపు పోతుంది, జామీనుదారులనూ వెతకాలి. అది అమ్మాయి ఇంటర్ ఫీజుకు. మే నెల పాట ఎంతకు పోతుందో చూసుకుని అప్పుడు పాడండి.

క్లెయిము తిరస్కరిస్తే ఏ నిబంధన కింద తిరస్కరించారో రాతపూర్వకంగా తీసుకోండి. కంపెనీ సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లెయిమునూ తోసిపుచ్చరాదు. వారి ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయండి. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం పరిధిలోనే ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, కంపెనీ తుది జవాబిచ్చిన ఏడాదిలోపు చేయాలి. ఆ డబ్బు ఎప్పుడు వచ్చినా ముందు డిపాజిట్ మీది రుణానికి కట్టేయండి.