సెరిబ్రల్ పాల్సీ ఉన్న తమ్ముడికి మూత్రం ఆగట్లేదంటే వైద్యం ఉంది

అక్కా, మీ తమ్ముడికి ఇరవై ఏడేళ్లని, బాత్‌రూమ్‌కి చేరేలోపే మూత్రం పడిపోతోందని, చుట్టాలేమో "ఆ జబ్బున్నోళ్లకు ఇంతేలే" అంటున్నారని రాశారు. ఆ మాట పట్టించుకోకండి. నాకూ పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ, అంటే చిన్నప్పుడే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపు తప్పే స్థితి. హన్మకొండలో ఉంటాను, వాకర్‌తో నడుస్తాను. ఇదే బాధ నాకూ ఉండేది, వైద్యంతో చాలావరకు తగ్గింది.

ముందు కారణం తేలాలి. మూత్రసంచి నిండకముందే బిగుసుకుని తోసేస్తోందా, లేక పూర్తిగా ఖాళీ కాక పొంగి కారుతోందా? బట్టలు తడవడం రెండింట్లోనూ ఉంటుంది, మందులు మాత్రం వేరు. అందుకే మూత్రపరీక్షతో పాటు స్కానింగ్‌లో, మూత్రం పోసొచ్చాక లోపల ఎంత మిగిలిందో కూడా చూడమనండి. ఎప్పుడెంత తాగాడు, ఎప్పుడు వెళ్లాడు, ఎప్పుడు పడిపోయింది, ఓ మూడు రోజులు కాగితం మీద రాసి యూరాలజిస్ట్‌కి (మూత్ర సమస్యల డాక్టర్‌కి) చూపించండి. అవసరమైతే మూత్రసంచి ఎలా నిండుతోందో, ఎలా ఖాళీ అవుతోందో చూసే యూరోడైనమిక్ పరీక్ష రాస్తారు, నేను హైదరాబాద్ నిమ్స్‌లో చేయించుకున్నా.

నాది మొదటి రకం, నిండకముందే బిగుసుకునేది. ఆ బిగుసుకోవడం తగ్గించే టోల్టెరోడిన్ మాత్ర ఇచ్చారు. ఆత్రం తగ్గింది కానీ నోరు ఎండిపోయి, మలబద్ధకం పట్టుకుంది. పేగు నిండితే మూత్రసంచిని నొక్కుతుంది, మళ్లీ అదే గోల. మలబద్ధకానికి మందిచ్చి, తర్వాత అదే సమస్యకు వాడే మిరాబెగ్రాన్ అనే ఇంకో మాత్రకు మార్చారు. దానికి బీపీ చూసుకుంటూ ఉండాలి. మీ తమ్ముడు కండరాల బిగుతుకు ట్రైహెక్సీఫెనిడిల్ లాంటివి వాడుతుంటే ఆ చీటీ తప్పకుండా తీసుకెళ్లండి. టోల్టెరోడిన్‌తో ఇలాంటి మందులు కలిస్తే నోరెండడం, మలబద్ధకం ఎక్కువవుతాయి. మాత్రలకు లొంగకపోతే మూత్రసంచిలో బొటాక్స్ ఇంజెక్షన్ ఉంది, కొన్ని నెలలు పనిచేస్తుంది. అసలు ఖాళీనే కాకపోతే మూత్రం వచ్చే దారిలో శుభ్రంగా సన్నని గొట్టం పెట్టి మూత్రం తీయడం నేర్పిస్తారు.

మందుల పక్కనే ఇంకో సంగతి. ఆత్రంలో ఒళ్లు బిగుసుకుపోయి నా వేళ్లకు జిప్ చిక్కేది కాదు. కుట్టుమిషన్ ఆమె దగ్గర జిప్ తీయించి వెల్క్రో వేయించుకున్నా. కమోడ్ పక్కన గోడకు స్టీల్ రాడ్ పెట్టించాం. ఆత్రం వచ్చేదాకా ఆగకుండా రెండు గంటలకోసారి వెళ్తాను. పడిపోతుందన్న భయంతో నీళ్లు మాత్రం మాన్పించొద్దు, మన వరంగల్ ఎండల్లో అసలే వద్దు. మూత్రం చిక్కబడితే మంట, ఇన్ఫెక్షన్ వస్తాయి.

ఒకటి గట్టిగా చెప్తున్నా. ఇది కొత్తగా మొదలై, నడక కూడా తగ్గిందా? చేతుల్లో పట్టు పోతోందా, మెడ నొప్పి ఉందా? అయితే ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్ట్‌కు (నరాల డాక్టర్‌కు) చూపించండి. పెద్దయ్యాక మెడ దగ్గర వెన్నుపాము నలిగే ప్రమాదం మనలో కొందరికి ఉంటుంది, ఎంఆర్‌ఐలో తెలుస్తుంది.

ఖర్చు సంగతికి కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా ఉంది, లక్ష రూపాయల దాకా వస్తుంది, సెరిబ్రల్ పాల్సీకి వర్తిస్తుంది. వికలాంగుల సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి.

డాక్టర్లు ఎక్కువగా పక్కనున్నవాళ్లనే అడుగుతారు. మీ తమ్ముడినే చెప్పనివ్వండి అక్కా. మాట స్పష్టంగా రాకపోతే ఇంట్లోనే నిదానంగా ఫోన్‌లో టైప్ చేయించండి, లోపలికి వెళ్లాక అదే చూపిస్తాడు.