స్ప్రే కొట్టినకొద్దీ పెరిగే చీమలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చీమల బాధ గురించినవే ఎక్కువగా ఉన్నందువల్ల శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను. ఒకే తీరు ప్రశ్నలను కలిపి, అందులో వివరంగా రాసిన ఉత్తరాన్ని ఇక్కడ ఇస్తున్నాను.

ప్రశ్న: మేము మూడో అంతస్తు ఫ్లాటులో ఉంటున్నాము. సంక్రాంతి తరువాత నుంచి వంటింటి గట్టు మీద, స్విచ్‌బోర్డు పక్కన, చివరకు స్నానాలగదిలో కూడా బాగా సన్నని చీమలు బారులు తీరుతున్నాయి. వాటి తల నల్లగానూ, వెనుక భాగం రంగు లేనట్టుగానూ ఉంటుంది. నలిపితే పాడైన కొబ్బరి వాసన వస్తుంది. స్ప్రే కొట్టిన ప్రతిసారీ రెండు రోజులు మాయమై, ఆ తరువాత కొత్త చోట్ల నుంచి వస్తున్నాయి. మందు మార్చాలా?
— ఒక గృహిణి, విజయవాడ

జవాబు: మందు మార్చడం కాదమ్మా, ముందు స్ప్రే కొట్టడమే ఆపివేయండి. మీరు రాసిన పోలికలను బట్టి, ముఖ్యంగా ఆ కొబ్బరి వాసనను బట్టి, ఇవి టాపినోమా మెలనోసెఫాలం అనే జాతి చీమలని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. ఒక్కొక్కటి సుమారు 1.5 మిల్లీమీటర్ల పొడవు మాత్రమే ఉంటుంది. పొట్ట, కాళ్ళు పాలిపోయి ఉండడం వల్ల తెల్లని గట్టు మీద నల్లని తలలు మాత్రమే కదులుతున్నట్టు కనిపిస్తాయి. ఉష్ణమండల దేశాల్లో మనుషుల ఇళ్ళను అంటిపెట్టుకుని బతికే జాతి ఇది.

కొన్ని చీమజాతుల్లో గూటికి ఒక్క రాణే ఉంటుంది. ఆ రాణి పోతే గూడు కాలక్రమాన అంతరిస్తుంది. మీ ఇంట్లో చేరిన చీమలకు మాత్రం రాణులు అనేకం. అవి ఒకే పెద్ద పుట్టలో కాక, గోడ పగుళ్ళలో, ఊడిన టైలు వెనుక, తలుపు చట్రానికీ గోడకూ మధ్య సందులో, పూలకుండీ అడుగున చిన్న చిన్న గూళ్ళుగా పంచుకుని ఉంటాయి. కొన్ని రాణులు, కొన్ని పనిచీమలు, కాసిని లార్వాలు కలిసి పక్కకు తప్పుకుంటే చాలు, అది కొత్త గూడు అవుతుంది. మీరు స్ప్రే కొట్టినప్పుడు చచ్చేవి తిండి కోసం బయటికి వచ్చిన పనిచీమలు మాత్రమే. గూటిలోని సంఖ్యలో అవి కొద్ది భాగమే. మిగిలినవి మందు వాసన తగలని చోటు వెతుక్కుంటాయి. కొత్త చోట్ల నుంచి వస్తున్నాయన్న మీ మాటకు కారణం ఇదే. వీటి వంటివే, లేత పసుపు రంగులో ఉండే ఫారో చీమలు ఉన్న ఇళ్ళలో స్ప్రే వల్ల జరిగే నష్టం ఇంకా ఎక్కువ.

కనుక మందును గూటికి చేర్చే పని చీమలకే అప్పగించాలి. ఎదిగిన పనిచీమ గట్టి పదార్థాన్ని మింగలేదు. ద్రవాన్ని మాత్రమే తాగి, పొట్టలో దాచుకుని వెళ్ళి, నోటి నుంచి నోటికి తోటి చీమలకూ రాణులకూ అందిస్తుంది. ఎర పనిచేసేది ఈ పంపకం వల్లనే. 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటిలో 10 గ్రాముల పంచదార, 1 గ్రాము బోరిక్ పొడి పూర్తిగా కరిగేదాకా కలపండి. తూచే సాధనం లేకపోతే పంచదార రెండు టీస్పూన్లు, బోరిక్ పొడి పావు టీస్పూనుకు మించకుండా వేయండి. పొడిని మందుల దుకాణంలోనే కొనండి; కారమ్ బోర్డు పొడి పేరుతో అమ్మేవన్నీ బోరిక్ పొడి కావు. ఘాటుగా ఉంటే త్వరగా పనిచేస్తుందనుకుని మోతాదు పెంచవద్దు. పెంచితే చీమలు దాన్ని ముట్టవు, లేదా గూటికి చేరకముందే దారిలో చచ్చిపోతాయి. మనకు కావలసింది చీమ ఇంటికి వెళ్ళి, నలుగురికి పంచి, ఆ తరువాత చావడం.

ఈ నీటిలో చిన్న దూది ఉండను తడిపి, సీసా మూతలో పెట్టి, బారు నడిచే దారి పక్కనే ఉంచండి. దారిని తుడిచివేయవద్దు, పనిచీమలు వాసన గుర్తులు వదులుతూ నడుస్తాయి, ఆ గుర్తులే మిగిలినవాటిని ఎర దగ్గరికి నడిపిస్తాయి. మొదటి రోజు మూత అంచు కనిపించనంతగా చీమలు కమ్ముకుంటాయి. ఆ దృశ్యం చూసి చాలామంది భయపడి అక్కడే స్ప్రే కొడతారు. మీరు దయచేసి ఆ పని చేయవద్దు. దూది ఎండినప్పుడల్లా, రెండు మూడు రోజులకొకసారి, కొత్త ఎర పెడుతూ రెండు మూడు వారాలు ఓపిక పట్టండి. గూటిలో లార్వాలు ఎక్కువగా ఉన్న రోజుల్లో వాటికి తీపి కన్నా మాంసకృత్తులు కావాలి. ఎర వైపు చూడకపోతే ఒక కాగితం మీద ఒక చుక్క పంచదార నీళ్ళు, పక్కనే నలిపిన వేరుశనగ గింజ పెట్టి, దేనికి చేరుతున్నాయో చూడండి. పల్లీకి చేరితే అదే మోతాదు బోరిక్ పొడిని పల్లీల ముద్దలో కలపాలి. ఎర పెట్టిన మూతలను పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందని చోటే ఉంచాలి, వంటపాత్రలతో కలపకూడదు.

ఎర పనిచేయాలంటే దానికి పోటీ ఉండకూడదు. పంచదార డబ్బా మూత బిగించడం అందరూ చేసేదే. తేనె సీసా అడుగున గుండ్రంగా అంటుకున్న జిగురు, మిక్సీ జారు రబ్బరు వాషరు కింద మిగిలిన పచ్చడి తడి, గిన్నెలు తోమే పీచులోని మెతుకులు, గ్యాసు పొయ్యి బర్నరు చుట్టూ పొంగిన పాల చార మాత్రం సాధారణంగా కంటికి ఆనవు. రాత్రి పడుకునే ముందు ఈ నాలుగూ చూసుకోండి. చీమలు పూర్తిగా తగ్గిన తరువాతే దారులను సబ్బునీటితో తుడిచి, సందులను తెల్ల సిమెంటుతో పూడ్చండి. స్విచ్‌బోర్డులో మాత్రం ఏ ద్రవమూ చల్లవద్దు. మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ చేత తెరిపించి శుభ్రం చేయించండి.

పెస్ట్ కంట్రోల్ వారిని పిలిస్తే జెల్ లేదా ద్రవపు ఎర పెట్టమని అడగండి. ఇల్లంతా పిచికారీ చేస్తామంటే ఒప్పుకోవద్దు. పై ఫ్లాటూ కింది ఫ్లాటూ ఒకే పైపుల డక్టును పంచుకుంటున్నప్పుడు, ఒక్క ఇంటివారు ఎర పెట్టినంత మాత్రాన సమస్య తీరకపోవచ్చు కనుక, అసోసియేషన్‌లో మాట్లాడి అందరూ ఒకేసారి పెట్టడం మంచిది.

ప్రశ్న: మా బాబుకు ఆరు నెలలు. ఎర్రచీమలు కుడుతున్నాయని మా అత్తయ్యగారు ఉయ్యాల కింద చీమల చాక్‌పీసుతో గీతలు గీసి, మంచం కింద చీమల మందు పొడి చల్లుతున్నారు. ఇది బాబుకు హానికరమా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: హానికరమే. ఆ గీతలనూ పొడినీ ఈ రోజే తడిగుడ్డతో తుడిచివేయండి. మీ అత్తయ్యగారిది మనవడి మీద ప్రేమతో పుట్టిన ఆందోళనే. అయితే ఆవిడ కాలంలో గమాక్సిన్ పేరుతో ఇంటింటా చల్లిన బి.హెచ్.సి. పొడిని మన ప్రభుత్వం 1997లో నిషేధించవలసి వచ్చిందని ఆవిడకు నెమ్మదిగా చెప్పండి. ఇప్పటి చాక్‌పీసుల్లో సాధారణంగా ఉండేది పైరెత్రాయిడ్ తరగతి పురుగుమందు. పెద్దలు ఆ గీతను దాటి నడుస్తారు. పాకే పిల్లవాడు దాని మీద చేయి వేసి, ఆ చేయి నోట్లో పెట్టుకుంటాడు. కొంచెం పెద్ద పిల్లలకు అది పలక మీద రాసే సుద్దముక్కలాగే కనిపిస్తుంది. పొడిది ఇంకా పెద్ద ప్రమాదం. చీమల మందును పాత డబ్బాలో పోసి వంటింట్లో ఉంచితే, పిండి అనుకుని ఎవరైనా వాడవచ్చు. దాన్ని ఎన్నడూ అసలు ప్యాకెట్టు నుంచి తీసి వేరే డబ్బాలోకి మార్చకూడదు. పొరపాటున పిల్లవాడి నోట్లోకి వెళ్ళిందన్న అనుమానం వస్తే, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే 108కి ఫోన్ చేసి, ఆ ప్యాకెట్టును ఆసుపత్రికి వెంట తీసుకుపోండి.

చీమలను బాబు దగ్గరికి రానివ్వకుండా చేయడం కష్టమేమీ కాదు. మంచాన్ని గోడకు జానెడు దూరం జరిపి, దుప్పటి అంచులు నేలకు తగలకుండా మడిచి, నాలుగు కోళ్ళ కింద నీళ్ళు పోసిన గిన్నెలు పెట్టండి. మన పెద్దలు పాల గిన్నెను నీళ్ళ పళ్ళెంలో ఉంచినది ఈ పద్ధతిలోనే. నీటిలో రెండు చుక్కల సబ్బుద్రావణం వేస్తే చీమలు తేలుతూ దాటలేవు. అయితే ఒక హెచ్చరిక: డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ ఇటువంటి గిన్నెల్లోనే గుడ్లు పెడుతుంది, ఆ గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కనుక కనీసం నాలుగైదు రోజులకొకసారి నీళ్ళు పారబోసి, గిన్నె లోపలి గోడలను పీచుతో రుద్ది కడగాలి. పైకప్పుకు వేలాడే ఉయ్యాలైతే, బాబు చేతికి అందనంత ఎత్తులో గొలుసుకు వెడల్పుగా గుడ్డపీలిక చుట్టి, దానికి వాసెలిన్ దట్టంగా పూయండి. పాలు కారిన గుడ్డలు, బొంతలు ఎప్పటికప్పుడు మార్చండి. ఎర్రచీమలను ఉయ్యాల దాకా రప్పించేది ఎక్కువగా ఆ పాల వాసనే.

కుట్టిన చోట సబ్బుతో కడిగి చల్లని తడిగుడ్డ వేస్తే చాలు. పెదవులు, కనురెప్పలు వాచినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, శ్వాస ఆయాసంగా ఉన్నా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ప్రశ్న: మా నాన్నగారికి షుగర్ ఉంది. మాత్రలు మార్చిన తరువాత రక్తపరీక్షలో అంకెలు బాగానే వస్తున్నాయి. కానీ ఆయన వాడే మరుగుదొడ్డిలో చీమలు చేరుతున్నాయి. వ్యాధి ముదిరిందా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మూత్రానికి చీమలు పట్టడాన్ని మధుమేహ లక్షణంగా మన ప్రాచీన వైద్యులు గుర్తించారు, ఆ పరిశీలన సరైనదే. రక్తంలో చక్కెర సుమారు 180 మిల్లీగ్రాములు దాటినప్పుడు మూత్రపిండాలు దాన్ని పూర్తిగా వెనక్కు తీసుకోలేక మూత్రంలోకి వదులుతాయి. అయితే మీ నాన్నగారి విషయంలో నేను ముందు చూడమనేది ఆ కొత్త మాత్రల పేరు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు పనిచేసే తీరే చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపడం. వాటిని వాడేవారికి రక్తంలో అంకెలు చక్కగా ఉన్నా మూత్రంలో చక్కెర ఉంటుంది, చీమలూ రావచ్చు. దానికి భయపడి మాత్రలు సొంతంగా ఆపవద్దు. ఈ మందులతో మూత్రద్వారం దగ్గర దురద, ఫంగస్ వచ్చే అవకాశం ఉన్నందున శుభ్రత పాటించమనండి, నీళ్ళు తగినంత తాగమనండి, ఈ సంగతి డాక్టరుగారికి చెప్పండి. ప్రతి మూత్రవిసర్జన తరువాత నీళ్ళు ధారాళంగా పోస్తే చీమలు వాటంతట అవే తగ్గుతాయి.

షుగర్ లేదనుకుంటున్న ఇళ్ళలో ఇలా కనిపిస్తే పరగడుపు రక్తపరీక్ష చేయించాలి. 126 గానీ అంతకుమించి గానీ వచ్చి, మరోసారి పరీక్షలోనూ అదే తేలితే మధుమేహంగా నిర్ధారిస్తారు. 100 నుంచి 125 వరకూ ముందస్తు దశ. చీమలు తడి కోసమూ, లవణాల కోసమూ కూడా వస్తాయి కనుక వాటిని చూసి వ్యాధి ఉందని గానీ, అవి రాలేదని వ్యాధి లేదని గానీ తీర్మానించుకోవద్దు.

ప్రశ్న: తొలకరి పడిన సాయంత్రం తలుపు చట్రం నుంచి రెక్కల చీమలు గుంపుగా వచ్చాయి. ఇవి చీమలా, చెదలా?
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఒక దాన్ని కాగితం మీద ఉంచి దగ్గరగా చూడండి. నడుము సన్నగా తీగలా ఉండి, మీసాలు మోచేయిలా వంగి, ముందు రెక్కలు వెనుక రెక్కల కన్నా పొడవుగా ఉంటే చీమ. నడుము లేకుండా ఒకే మందంగా, మీసాలు తిన్నగా పూసల్లా, నాలుగు రెక్కలూ ఒకే పొడవుగా ఉంటే చెద. మనం ఉసిళ్ళు అనేవి ఇవే. వీధి నుంచి దీపం వెలుగుకు వచ్చే ఉసిళ్ళతో ఇంటికి హాని లేదు. కాసేపు దీపాలు ఆర్పితే పోతాయి. చట్రం లోపలి నుంచే వచ్చాయంటే మాత్రం చెద ఇంట్లో కాపురం పెట్టిందన్నమాట. స్క్రూడ్రైవరు పిడితో చట్రాన్ని కొట్టి, డొల్ల శబ్దం వచ్చే చోట చెద నిపుణులకు చూపించండి. చెదలకు పైన చెప్పిన పంచదార ఎర పనికిరాదు.

ప్రశ్న: బాల్కనీలోని మందార మొక్క నిండా చీమలు. అక్కడి నుంచే హాల్లోకి వస్తున్నాయి. మొక్కను తీసివేయాలా?
— ఒక గృహిణి, హైదరాబాదు

జవాబు: తీసివేయవద్దు. చీమలు వస్తున్నది మందార కోసం కాదు. లేత కొమ్మల చివర, ఆకుల అడుగున తెల్లని దూదిలాంటి పిండినల్లి గానీ, ఆకుపచ్చని పేనుబంక గానీ ఉంటుంది, చూడండి. అవి మొక్క రసం పీల్చి తియ్యని జిగురును విసర్జిస్తాయి. ఆ జిగురు కోసం చీమలు వాటికి కాపలా కాస్తాయి, శత్రుకీటకాలను దగ్గరికి రానివ్వవు. బాగా పట్టిన చివర్లను కత్తిరించి, సంచిలో కట్టి పారేయండి. మిగిలిన మొక్కను గట్టి నీటిధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బుద్రావణం కలిపి ఎండ తగ్గాక ఆకుల అడుగుభాగం తడిసేలా చల్లండి. వారానికొకసారి, పురుగు కనిపించనంతవరకూ ఇలా చేయండి. కొమ్మలు గోడకూ కిటికీ గ్రిల్లుకూ తగలకుండా కుండీని జరిపితే, చీమలకు హాల్లోకి ఉన్న దారీ తెగిపోతుంది.